ఇంటి మరమ్మతుల మేస్త్రీ

కట్టి, కాపురం మొదలైన ఇంటిని బాగుచేసేవాడు, పెంచేవాడు, మార్చేవాడు మరమ్మతుల మేస్త్రీ. కారే డాబా, చెమ్మ పట్టిన గోడ, లేచిపోయిన బండ, తుప్పు పట్టిన నీళ్ల పైపు, ఇరుకైన వంటగది, కొడుకు పెళ్లినాటికి కావలసిన పై గది, అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. కొత్త ఇల్లు కట్టేవారికి ఖాళీ స్థలం, చేతిలో ప్లాను ఉంటాయి. ఈయనకు రెండూ ఉండవు. ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది, పక్కగదిలో పిల్లలు పరీక్షలకు చదువుకుంటూ ఉంటారు. గోడ లోపల ఏ పైపు ఎటు పోతోందో చెప్పే కాగితం ఎవరి దగ్గరా దొరకదు. అందుకే ఈ వృత్తిలో చేతి పనితనం కన్నా ముందు కావలసింది కారణాన్ని పట్టుకునే నేర్పు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పనంతా ఒక్క మనిషే చేయడం అరుదు. ఇల్లు చూసి, లెక్క చెప్పి, పని ఒప్పుకునేది ఒకరు. ఆయన వెనక తాపీ పనివారు, ప్లంబరు, కరెంటు పనివాడు, వడ్రంగి, టైల్స్ వేసేవారు, పెయింటరు, మోతపనికి కూలీలు ఉంటారు. ఒప్పుకున్న మేస్త్రీ చాలాసార్లు తానూ తాపీ పట్టి ఎదిగినవాడే. ఇసుక జల్లించడం, మాలు కలపడం, ఇటుకలు అందించడంతో మొదలుపెట్టి, పెద్ద మేస్త్రీ పక్కన నిలబడి చూసి నేర్చుకుంటాడు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. మొదటిసారి తాపీ చేతికిచ్చి గోడ మూల ఒకటి వదిలిపెట్టడమే పట్టా.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి భవన నిర్మాణ పనులకు వలస వెళ్లేవారు చాలామంది. గుంపు మేస్త్రీల వెంట దేశంలోని ఆనకట్టలకు, కాలువలకు రాళ్లెత్తిన మహబూబ్‌నగర్ కూలీలకు పాలమూరు లేబర్ అనే పేరు స్థిరపడింది. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి టైల్స్, ప్లంబింగ్ పనుల్లో చెయ్యి తిరిగి, సొంతూరికి వచ్చి కాంట్రాక్టులు పట్టినవారూ ఉన్నారు. హైదరాబాద్‌లో మార్బుల్ పని అంటే రాజస్థాన్ వాళ్లను పిలవడం మామూలైంది. ఆడవాళ్లు పనిలో మొదటినుంచీ ఉన్నారు, కానీ వాళ్ల తలమీద గమేళా దిగి చేతికి తాపీ రావడం చాలా అరుదు. మాలు ఎంత పలచగా ఉండాలో, ఇసుక ఎంత తడిగా ఉందో ఏళ్ల తరబడి కలిపిన ఆ చేతులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అయినా కూలి తక్కువ, మేస్త్రీ అనే పిలుపు లేదు. ఈ వృత్తికి ఇది పెద్ద లోటు.

పొద్దున ఏడు, ఎనిమిది మధ్య నగరాల్లోని లేబర్ అడ్డాలు నిండుతాయి. కూకట్‌పల్లి లాంటి చోట్ల తాపీ, పార, బ్రష్షు పట్టుకుని నిలబడ్డవారిని చూస్తే ఎవరిది ఏ పనో అడగక్కర్లేదు. మేస్త్రీ తనకు తక్కువైన ఇద్దరినో ముగ్గురినో అక్కడ మాట్లాడుకుని బండెక్కిస్తాడు. ఒకే రోజు రెండు మూడు ఇళ్లలో పని నడుస్తుంది. ఒకచోట గోడ పగలగొట్టించి, ఇంకోచోట సిమెంటు దింపించి, మూడోచోట యజమానితో టైల్స్ దుకాణానికి వెళ్లాలి. ఫోను ఆగదు. సిమెంటు కూడా ఎవరికోసమూ ఆగదు. నీళ్లు కలిపిన తర్వాత అరగంట దాటితే గట్టిపడటం మొదలుకావచ్చు కాబట్టి, భోజనానికి లేచేముందు కలిపిన మాలు అయిపోవాలి. ఎండిపోతున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడేవాడు మంచి పనివాడు కాడు.

ఇక అసలు నేర్పు సంగతి. నీళ్లు కారుతున్న చోటే కారణం ఉండదు. డాబా మీద ఒక మూల పగులులో దిగిన వాన నీరు, స్లాబు లోపలి కరెంటు పైపు పట్టుకుని పది అడుగులు నడిచి, హాలు మధ్యలో ఫ్యాను కొక్కెం దగ్గర బొట్లు బొట్లుగా రాలుతుంది. కింద సున్నం కొట్టి మూసేస్తే పైన నీరు అలాగే ఉంటుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికే కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. విశాఖపట్నం లాంటి సముద్రతీర నగరాల్లో ఉప్పుగాలి వల్ల ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. పెచ్చు ఊడినచోట సిమెంటు మెత్తితే ఏడాది కూడా నిలవదు. వదులైన కాంక్రీటంతా చెక్కి, కడ్డీని చుట్టూరా బయటపెట్టి, ఇనుప బ్రష్షుతో తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, ఆ తర్వాతే పాలిమర్ కలిపిన మాలుతో నింపాలి.

కారణం వెతకడానికి మేస్త్రీలు వాడే పరీక్షలు చవకైనవి, నమ్మదగినవి. సుత్తి పిడితో గోడను తట్టుకుంటూ పోతే, ప్లాస్టరు పట్టు వదిలిన చోట డొల్ల శబ్దం వస్తుంది. బాత్రూం నేల మీద అనుమానం ఉంటే నీళ్లు పోయే దారి మూసి, రెండు అంగుళాల నీరు ఒక రోజంతా నిలబెట్టి కింది గది పైకప్పు చూస్తారు. కుళాయిలన్నీ కట్టేసినా నీటి మీటరు తిరుగుతుంటే ఎక్కడో పైపు పగిలినట్టే. గోడకు ప్లాస్టిక్ కాగితం అంచులు గట్టిగా అంటించి మర్నాడు చూస్తారు. తడి కాగితం వెనక చేరితే చెమ్మ గోడలోంచి వస్తోంది, ముందువైపు చేరితే గదిలోని గాలిదే తేమ. పగులు పెరుగుతోందో ఆగిపోయిందో తేల్చడానికి దాని కొసల దగ్గర పెన్సిలుతో గీతపెట్టి తేదీ వేస్తారు. దాని మీద సన్నని గాజుపలక అడ్డంగా అంటించడం ఇంకో పద్ధతి. పలక విరిగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం.

పగుళ్లు చదవడం దానికదే ఒక విద్య. కాంక్రీటు స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చే సన్నని గీత భయపెట్టేది కాదు. రెండు పదార్థాలు వేడికి, తడికి వేరువేరుగా సాగి ముడుచుకుంటాయి. అక్కడ ఇనుప జాలి కొట్టి ప్లాస్టరు చేస్తే చాలు. స్లాబు కింద అడ్డంగా వచ్చే పగులు ఎండ పని. కిటికీ మూల నుంచి ఏటవాలుగా కిందికి దిగి, కింద వెడల్పవుతున్న పగులును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు, పునాది కుంగుతోందేమో చూడాలి. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుపోతుంది కాబట్టి అక్కడి పాత ఇళ్లలో ఇలాంటి పగుళ్లు ఎక్కువ. అలాంటి నేల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే ప్రత్యేక పైల్ పునాదిని రూపొందించింది. ఇంత దూరం వచ్చిన పగులును చూసి ‘ఇది నా పని కాదు, ఇంజినీరును పిలవండి’ అనగలిగిన మేస్త్రీ దొరికితే ఆ ఇంటివాళ్లు అదృష్టవంతులు.

పనిముట్లలో ముందుగా చెప్పుకోవలసినవి కొలతవే. దారానికి కట్టిన తూకపు గుండు గోడ నిలువును చెబుతుంది. రసమట్టం గాజుగొట్టంలోని గాలిబుడగ అడ్డాన్ని చెబుతుంది. ఈ రసమట్టాన్ని 17వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన తెవెనో కనిపెట్టాడు. ఇల్లంతా ఒకే మట్టం తేవాలంటే మాత్రం లెవెల్ పైపే దిక్కు. పారదర్శకమైన సన్నని గొట్టంలో బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను ఈ గదిలో, ఇంకో కొసను ఆ గదిలో గోడకు ఆనించి పట్టుకుంటారు. మధ్యలో గోడలు, గుమ్మాలు అడ్డమున్నా రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తులో నిలుస్తుంది. లేజర్ లెవెళ్లు వచ్చాక కూడా ఈ గొట్టం మేస్త్రీల సంచుల్లోంచి పోలేదు. బ్యాటరీ అక్కర్లేదు, కిందపడితే పాడవదు.

మూలలకు మూలమట్టం ఉంది, అయినా గది పెద్దదైతే మేస్త్రీలు లెక్కనే నమ్ముతారు. ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గుర్తుపెట్టి ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టుకుంటే సరిగ్గా 5 అడుగులు రావాలి. పెద్ద గదికి 6, 8, 10. బౌధాయన శుల్బసూత్రాల్లో యజ్ఞవేదికల కొలతల్లో ఉన్న సంబంధమే ఇది. బడి మొహం చూడని మేస్త్రీ కూడా దీన్ని తప్పకుండా వాడతాడు. టైల్స్ పనిలో ఈ కొలత తప్పితే చివరి వరుస ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు సన్నగా వచ్చి, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ కంటికి కనబడుతూనే ఉంటుంది.

తాపీ, రుద్దే చెక్క, మట్టపు బద్ద, గమేళా, పార, గడ్డపార, జల్లెడ. తాపీ పనివారి సరంజామా ఇంతే. గమేళానే కొన్నిచోట్ల బాండ్లీ అంటారు. కరెంటు పనివాడికి టెస్టరు, కటింగ్ ప్లేయరు. ప్లంబరుకు పైపు పానా, టెఫ్లాన్ టేపు, పైపులు అతికే సొల్యూషను. వడ్రంగికి రంపం, ఉలి, చిత్రిక. పెయింటరుకు లప్పం పెట్టే రేకు, గరుకు కాగితం, రోలరు. ఎత్తు పనులకు కోస్తాలో సరుగుడు కర్రలతో పరంజా కట్టేవారు, ఇప్పుడు ఇనుప గొట్టాలు వచ్చాయి.

పని వేగాన్ని మార్చేసింది కరెంటు మిషన్లు. పిస్తోలులా పట్టుకుని మీట నొక్కే డ్రిల్లుకు అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ 1917లో పేటెంటు పొందింది. చేత్తో పట్టుకునే హైస్పీడ్ యాంగిల్ గ్రైండరును జర్మనీకి చెందిన ఫ్లెక్స్ సంస్థ 1954లో తెచ్చింది. గోడకన్నంలో బిగిసే నైలాన్ ప్లగ్గును 1958లో ఆర్తుర్ ఫిషర్ రూపొందించాడు. అంతకుముందు మన ఇళ్లలో ఒక అల్మారా బిగించాలంటే సుత్తి, శానంతో కన్నం తొలిచి, అందులో చెక్కముక్క దిగ్గొట్టి, చుట్టూ సిమెంటు నింపి, ఆరేదాకా ఆగేవారు. ఇప్పుడది పది నిమిషాల పని. వజ్రపు రజను అద్దిన నాలుగంగుళాల బ్లేడు నిమిషానికి 11,000 చుట్లదాకా తిరిగి గ్రానైటును గీత తప్పకుండా కోస్తుంది. అయితే ఈ వేగంలో ప్రమాదమూ ఉంది. చెక్క కోసే పళ్ల బ్లేడును గ్రైండరుకు బిగించడం, చేతికి అడ్డొస్తోందని కాపు రేకు తీసేయడం పనిచోట్ల రోజూ కనిపించే తప్పులు. వేళ్లు పోయిన పనివాళ్లలో చాలామంది ఈ కారణంగానే పోగొట్టుకున్నారు.

సరుకు ఎంపికలో తప్పు చేస్తే పనితనం ఎంత ఉన్నా వృథా. సిమెంటు బస్తా 50 కిలోలు, అది మారదు. ఇసుక మారుతుంది. కాస్త తడిసిన సన్న ఇసుక పొంగి పావు వంతుకు పైగా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గమేళాలతో కొలిచి ఒకటికి నాలుగు అనుకుని కలిపినప్పుడు నిజానికి పడింది మూడే కావచ్చు. తెలిసిన మేస్త్రీ ఇసుకను పిడికిట పట్టి చూసి కొలత సర్దుకుంటాడు. ఇటుకలను ముందే నీళ్లలో నానబెడతాడు, లేకపోతే అవి మాలులోని నీటిని పీల్చేసుకుంటాయి. కట్టిన పనిని కనీసం ఏడు రోజులు తడుపుతూ ఉండాలి. మరమ్మతుల్లో ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ తడపడాన్నే. అతుకు చిన్నది కదా అని వదిలేస్తారు, అదే ముందు పగులుతుంది.

పాత ఇళ్ల విషయంలో సిమెంటే శత్రువవుతుంది. గానుగలో నూరిన సున్నంతో, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి కట్టిన గోడలు తేమను పీల్చి మెల్లగా వదులుతాయి. వాటి మీద సిమెంటు ప్లాస్టరు చేస్తే ఆ తేమ బయటికి రాలేక లోపలే ఉండి, ఉప్పు పేరి, మెత్తని పాత గోడను తినేస్తుంది. హైదరాబాద్‌లోని కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ ట్రస్టు మొదలుపెట్టిన పునరుద్ధరణలో చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, 20వ శతాబ్దపు మరమ్మతుల్లో మెత్తిన సిమెంటును ఒలిచేసి మళ్లీ సున్నం వేయడం. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లకూ, పాత బస్తీ హవేలీలకూ ఇదే వైద్యం కావాలి. సున్నం పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. ఉన్నవారి దగ్గర నేర్చుకునే ఏర్పాటు ఇప్పుడే చేయకపోతే ఆ ఇళ్లను నిలబెట్టడం కష్టం.

నేలల్లో మన ప్రాంతానికి దక్కిన భాగ్యం బండలు. వికారాబాద్ జిల్లా తాండూరు, నంద్యాల జిల్లా బేతంచెర్ల, పొరుగున కర్ణాటక షాబాద్ బండలు, వంటగట్లకు కడప నల్లరాయి. యాభై ఏళ్లనాటి తాండూరు బండలను తీసిపారేసి టైల్స్ వేయమని అడిగే యజమానికి, సందులు శుభ్రం చేసి పాలిష్ పట్టిస్తే సగం ఖర్చు కూడా కాదని చెప్పే మేస్త్రీలు ఉన్నారు. తమ లాభం తగ్గినా చెబుతారు.

పనికి పంచాంగం ఉంది, ఋతువూ ఉంది. డాబా పనులన్నీ నైరుతి వానలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో ముగియాలి. డాబా వాలు కనీసం నూరు అడుగులకు ఒక అడుగు ఉండేలా సరిచూసి, పగుళ్లు నింపి, పూత వేస్తారు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ పెట్టిన కార్ఖానాతో వ్యాపించిన పెంకులను మనవాళ్లు బెంగుళూరు పెంకులంటారు. పెంకుటిళ్లకు ఏటా వేసవిలో వాటిని సర్దించడం రివాజు. దసరా, సంక్రాంతికి ముందు పెయింటర్లు దొరకరు. ఆషాఢ, పుష్య మాసాల్లో గృహప్రవేశాలు ఉండవు కాబట్టి కొత్త పనులు మందగిస్తాయి, అప్పుడు మరమ్మతులే మేస్త్రీకి అన్నం పెడతాయి.

తుఫానులు, వరదలు ఈ లెక్కలన్నీ తలకిందులు చేస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు అద్దాలు, కిటికీలు, రేకుల కప్పులు ఎగిరిపోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచాక, సింగ్‌నగర్ పరిసరాల్లో అగ్నిమాపక యంత్రాలతో ఇళ్లలోని బురద కడగవలసి వచ్చింది. నీళ్లు తగ్గిన మర్నాడు ఊరికి అత్యవసరంగా కావలసింది కరెంటు పనివాడు, మోటారు మెకానిక్కు, ప్లంబరు. మునిగిన ఇంట్లో మెయిన్ స్విచ్చు వేసేముందు స్విచ్చుబోర్డులన్నీ విప్పి ఆరబెట్టి, ఎర్తింగు చూడాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఉంటే ప్రాణం నిలుస్తుంది. ఖరీదైన టైల్స్‌కు వెనుకాడని ఇళ్లలో కూడా ఇది లేకపోవడం బాధాకరం.

వాస్తు మార్పులు మరమ్మతుల్లో పెద్ద భాగం. వంటగది ఆగ్నేయానికి, మెట్లు నైరుతికి, ఈశాన్యంలో బరువు తగ్గించాలి. ఈ కోరికలు తీర్చడంలో చిక్కు ఒక్కటే, ఏ గోడ బరువు మోస్తోందో తెలుసుకోవడం. కాంక్రీటు స్తంభాల మీద నిలిచిన ఇంట్లో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ తీసినా ఫర్వాలేదు. పాత ఇళ్లలో తొమ్మిది అంగుళాల గోడలే స్లాబును మోస్తాయి. అక్కడ గుమ్మం తెరవాలంటే ముందు ఊతాలు పెట్టి, పైన దూలం వేసి, అప్పుడు గోడ తీయాలి.

డబ్బు లెక్క మూడు రకాలు. రోజు కూలి, చదరపు అడుగు రేటు, మొత్తానికి గుత్త. పాత ఇంట్లో గుత్త ఇద్దరికీ ప్రమాదమే, గోడ తెరిచాక ఏం బయటపడుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి. కూలీలకు వారం చివర బట్వాడా తప్పదు. యజమాని డబ్బు ఆలస్యమైతే మేస్త్రీ అప్పుచేసి ఇస్తాడు, లేకపోతే సోమవారం మనుషులు రారు. మధ్యలో పని ఆపి వేరేచోటికి వెళ్లిపోతాడన్న ఫిర్యాదు మేస్త్రీల మీద ఎప్పుడూ ఉంటుంది, చాలాసార్లు న్యాయమైనదే. కొంత తప్పు అడ్వాన్సు మీద అడ్వాన్సు ఇచ్చి, జరిగిన పని కొలవని పద్ధతిది కూడా.

దేహానికి తగిలే దెబ్బలు నెమ్మదిగా బయటపడతాయి. సిమెంటు క్షారం వేళ్లను, పాదాలను తింటుంది. రాయి, టైలు కోసినప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ రాదు. సిలికోసిస్‌కు మందు లేదు. ఈ జబ్బు భయంతోనే ఆస్ట్రేలియా కృత్రిమ రాతిపలకల వాడకాన్ని 2024 జూలై 1 నుంచి నిషేధించింది. బ్లేడు మీద నీళ్లు పడేలా చేసి, ముక్కుకు సరైన మాస్కు కట్టుకుంటే దుమ్ము చాలావరకు తగ్గుతుంది. ఇక ప్రమాదాల దెబ్బ ఒక్కసారిగా పడుతుంది. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో కడుతున్న భవనం కూలి 61 మంది చనిపోయారు, వారిలో ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లినవారు ఎందరో ఉన్నారు.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో కేంద్రం చేసిన చట్టం 18 నుంచి 60 ఏళ్ల వయసుండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసినవారికి సంక్షేమ బోర్డులో నమోదయ్యే హక్కు ఇచ్చింది. నిర్మాణ ఖర్చు మీద వసూలు చేసే సెస్సు ఆ బోర్డు నిధికి ఆధారం. 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ తాపీ, ప్లంబింగ్, కరెంటు పనుల్లో శిక్షణ ఇస్తోంది. ఇళ్ల మధ్య చిన్న చిన్న పనులు చేసేవారు ఈ రెండింటికీ ఎక్కువగా దూరంగానే ఉండిపోతున్నారు.

పని చేయించుకునేవారు చేయగలిగింది ఉంది. రంగు వేయించేముందు నీరు ఎక్కడినుంచి వస్తోందని అడగండి. కోత మిషను దగ్గర నీళ్లు, మాస్కు లేకుండా పని సాగనివ్వకండి. వచ్చిన పనివారికి సంక్షేమ బోర్డు ఇచ్చే కార్మిక కార్డు లేకపోతే నమోదు చేయించుకోమని చెప్పండి. గోడ మూసేముందు, టైల్స్ పరిచేముందు, లోపలి పైపులకూ వైర్లకూ పక్కన టేపు పెట్టి ఫొటోలు తీసి ఇంటి కాగితాలతో పాటు దాచండి. తర్వాత ఆ ఇంటికి వచ్చే మేస్త్రీకి అంతకన్నా పనికొచ్చే సాయం మరొకటి లేదు.